సెల్లార్‌లో సంసారం
కిందటి నెల మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోని ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నుంచి కుళ్లిన గుడ్ల వాసన మొదలైంది. కరెంటు బిల్లు తగ్గుతుందని ట్యాంకుకు గాలి పంపే బ్లోయర్లను రాత్రి పదింటికి కట్టేసి పొద్దున ఆరింటికి వేస్తున్నారు. అలా చెయ్యాలన్న తీర్మానం మీద అపార్ట్‌మెంట్ కమిటీ సభ్యుడిగా నా సంతకమూ ఉంది. చెయ్యకూడని పని చేశాం.

ఎయిరేషన్ ట్యాంకులో లెక్కలేనన్ని సూక్ష్మజీవులు మన మురుగును తిని, ముద్దలు కట్టి, ఆ తర్వాతి తేట ట్యాంకులో అడుక్కి దిగుతాయి. పైన తేట మిగులుతుంది. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ అడుగు మడ్డిని పారబోయకుండా మళ్లీ మళ్లీ వాడి చూశారు. పాలకు తోడు వేసినట్టన్నమాట. మొదట వారాలు పట్టిన శుద్ధి గంటల్లోకి వచ్చింది. వాళ్లకు దారి చూపిన గిల్బర్ట్ ఫౌలర్ 1916లోనే బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు వచ్చారు. మన దేశానికి ఇది కొత్త విద్యేమీ కాదు.

ఈ జీవాలకు మేత, గాలి రెండూ సమంగా అందాలి. నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే మేలు. బాగా తగ్గితే దారాల్లాంటి బాక్టీరియాది పైచేయి అవుతుంది. మడ్డి దూదిలా ఉబ్బి, కిందికి దిగక, తేటతో కలిసి పోతుంది. మడ్డిని అతిగా తోడేసినా చిక్కే. అమ్మోనియాను తినే రకాలు చాలా నెమ్మదిగా పెరుగుతాయి, పోగొట్టుకుంటే మళ్లీ కూడదీసుకోవడానికి వారాలు పడుతుంది. అసలు తోడకపోతే మంద ముదిరి మేత చాలదు. ఇక ఇళ్లలో బాత్‌రూముల్లో గుమ్మరించే యాసిడ్, బ్లీచింగ్ సంగతి వేరే చెప్పాలా!

వాసన రాగానే కమిటీలో కొందరు బాక్టీరియా ఉండే కల్చర్ పౌడర్ కొందామన్నారు. మా ఆపరేటర్ లీటరు గాజు జాడీలో ట్యాంకు నీళ్లు పట్టి అరగంట ఆగమన్నాడు. నల్లటి మడ్డి కిందికి దిగకుండా 900 మిల్లీలీటర్ల గీత దగ్గరే నిలిచిపోయింది. ‘‘పౌడర్ వద్దు సార్, రాత్రిళ్లు గాలి ఇవ్వండి చాలు’’ అన్నాడు. నాకూ అదే సబబనిపించింది. మురుగుతోపాటే రోజూ బాక్టీరియా వస్తూనే ఉంటుంది. గాలి లేనిచోట పౌడర్‌లోంచి వచ్చినవి మాత్రం ఎలా నిలుస్తాయి? ప్యాకెట్లకు పెట్టే డబ్బు ఆ ఆపరేటర్ జీతంలో కలపాలని నేను పట్టుబట్టాను. జాడీ చదవడం వాచ్‌మన్‌కు అదనపు పనిగా అప్పగించేది కాదు.

బ్లోయర్లు ఇప్పుడు రాత్రీ నడుస్తున్నాయి. నిన్న పొద్దున ఆపరేటర్ నన్ను పిలిచి జాడీ చూపించాడు. నలుపు పోయి గోధుమరంగు తిరిగింది. మడ్డి 450 దగ్గర ఉంది, ఇంకా దిగాలి.