టర్బోదా తప్పు, తీగెదా?

ఇప్పటి కార్లకు మాటలు వచ్చునని మీకు తెలుసునో లేదో. ఎదుట పలకమీద ఇంజను ఆకారంలో ఒక పసుపు దీపం వెలుగుతుంది. దాని భాష తెలిసినవాడికి అది కబురు, తెలియనివాడికి గుండెదడ, కొందరు మెకానిక్కులకు మాత్రం చక్కని బేరం.

మా మేనల్లుడు అద్దెకు తిప్పుకునే డీజిలు కారుకు మొన్నటి వర్షాలలో ఈ దీపం వెలిగింది. పంజాగుట్ట ఫ్లైఓవరు ఎక్కుతూ ఉండగా బండి ఒక్కసారిగా నీరసించింది. ఎంత తొక్కినా ఎడ్లబండి నడకే! వెనుక హారన్ల మోత సంగతి ఆ పేటవాసులకు నేను చెప్పాలా? ఒక వర్క్‌షాపువారు దీపం ఆర్పి పంపారు. మర్నాడు మళ్లీ వెలిగింది. మళ్లీ ఆర్పారు. మూడోసారి, "టర్బో పోయిందండీ, అరవై వేలవుతుంది" అన్నారు. బండి మీద ఇంకా రెండేళ్ల వాయిదాలున్నాయి. కుర్రవాడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదని మా అక్కయ్య ఫోను చేసింది.

"ఏ నంబరు వచ్చిందిరా?" అన్నాను.

"నంబరేమిటి మామయ్యా?" అన్నాడు.

అదీ సంగతి! ఆ పంజాగుట్టలోనే నిమ్స్ ఆసుపత్రి ఉంది. పరీక్ష కాగితం చూడకుండా కత్తి పట్టమంటే అక్కడ ఏ డాక్టరైనా పడతాడా?

అమీర్‌పేటలో, కోచింగు సెంటర్ల బోర్డుల నడుమ ఒక సందులో నాకు తెలిసిన ముసలి మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. స్టీరింగు కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్టులో ఆయన తన చేతిపెట్టె తగిలించాడు. పి 0237 అని వచ్చింది.

ఈ అంకెలలో బోలెడు అర్థం ఉంది. టర్బో అంటే మరేం కాదు, పొగగొట్టంలోకి పోయే వేడి వాయువులతో ఒక చక్రం తిప్పి, దానితో ఇంజనులోకి గాలిని నొక్కి పంపే ఉపాయం. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూహి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. ఆ గాలి ఒత్తిడి ఎంతో కంప్యూటరుకు చెప్పేది ఒక చిన్న సెన్సారు. లోపల సన్నని సిలికాన్ పొర ఒత్తిడికి వంగితే, ఆ వంపు వోల్టేజీగా మారుతుంది. పి 0299 వస్తే నిజంగా గాలి ఒత్తిడే చాలడం లేదని అర్థం. అప్పుడు గొట్టాలనూ, టర్బోనూ అనుమానించాలి. పి 0236 అయితే సెన్సారు చెప్పేది తక్కిన లెక్కలతో పొసగడం లేదని. పి 0237, 0238 వస్తే వోల్టేజీ మరీ తక్కువ, మరీ ఎక్కువ అని. అంటే ముందుగా చూడవలసింది కరెంటు దారిని.

"టర్బో మీద నేరమే లేదు సార్. కబురు తెచ్చేటోడే తొవ్వల పడిపోయిండు" అన్నాడు మేస్త్రీ.

ఆయన చేసిన తర్వాతి పరీక్ష నాకు ఎంతో నచ్చింది. తాళం తిప్పి ఇంజను మాత్రం వేయలేదు. టర్బో తిరగనప్పుడు సెన్సారు బయటి గాలి ఒత్తిడినే చూపాలి గదా! సముద్రతీరాన అది సుమారు 101 కిలోపాస్కళ్లు. మన ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కనుక ఇక్కడ 95 ప్రాంతంలో ఉండాలి. (వాతావరణ వార్తలలో చెప్పే అంకెతో పోల్చకండి, దాన్ని సముద్రమట్టానికి సరిచేసి చెబుతారు.) పెట్టె మీద 95 అనే వచ్చింది. సెన్సారు ఆరోగ్యంగానే ఉంది! అప్పుడాయన తీగెల కట్టను వేలితో కొంచెం లాగాడు. అంకె టక్కున అడుగంటింది. వదిలాడు, మళ్లీ 95.

ప్లగ్గు ఊడదీసి మీటరు పెడితే, సెన్సారుకు 5 వోల్టులు తేవలసిన తీగెలో లాగినప్పుడల్లా సున్నా. నల్లటేపు విప్పితే పంటిగాట్లు! ఎలుక కొరికి, తీగె రెండు పోగుల మీద నిలిచింది. ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు ఇంజను బరువు లాగుతూ ఒక పక్కకు ఒరుగుతుంది, కట్ట సాగుతుంది, కబురు తెగుతుంది. ఒత్తిడి ఎంతో తెలియని కంప్యూటరు ఇంజనుకు హాని కలగకుండా శక్తిని తగ్గించేస్తుంది. కుర్రవాడు మోసిన రోగం అంతా ఇంతే.

దీపం ఆర్పడానికి ముందు నంబరు కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. తప్పు నమోదైన క్షణాన ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతున్నదో, బండి ఎంత వేగంలో ఉన్నదో కూడా కంప్యూటరు దాచి ఉంచుతుంది. ఆర్పితే అదీ తుడిచిపెట్టుకుపోతుంది. అటువంటి సాక్ష్యాన్ని రెండుసార్లు చెరిపేసి మూడోసారి అరవై వేలు అడగటం నాకైతే మింగుడుపడలేదు.

మేస్త్రీ తీగె అతికి, కొత్త తొడుగు వేసి ఎనిమిది వందలు తీసుకున్నాడు. ఎలుకల కోసం బానెట్టులో పొగాకు కాడలు కట్టమన్నాడు. మేనల్లుడు కట్టాడు. ఎలుకల మాట తర్వాత, బండి ఎక్కినవాళ్లందరూ ఇప్పుడు, "చుట్ట కాల్చేది ఎవరు బాబూ?" అని అడుగుతున్నారట.