బేడీలు ముందు, సెక్షన్ తర్వాత

ఫ్లోరిడాలోని రివియెరా బీచ్ నగర కౌన్సిల్ సమావేశం నుంచి ఫేన్ లోజ్‌మన్‌ను బేడీలు వేసి బయటికి పంపిన కేసు గురించి వాదించేవాళ్లు రెండు రకాలు. మైకు వదలమంటే వదల్లేదు, కాబట్టి అరెస్టు సక్రమమే అని ఒక వర్గం చేతులు దులుపుకుంటుంది. 2018లో అమెరికా సుప్రీంకోర్టు 8-1 మెజారిటీతో ఆయన వైపు మొగ్గాక వాక్ స్వాతంత్ర్యం గెలిచిందని రెండో వర్గం పండగ చేసుకుంది. తీర్పులో ఉన్న 871.01 అనే అంకె మాత్రం ఇద్దరికీ కనబడలేదు.

2006 నవంబరులో పోలీసు అధికారి లోజ్‌మన్‌పై మోపిన నేరాలు రెండు: శాంతిభంగం, హింసకు దిగకుండా అరెస్టును అడ్డుకోవడం. ఆ రెండింటికీ చాలినంత ఆధారం లేదని కింది కోర్టే తేల్చింది. మరి కింది కోర్టుల్లో నగరం ఎలా నెగ్గింది? 871.01తో. పాఠశాలలకు, చర్చిలకు, సభలకు ఆటంకం కలిగించడాన్ని నేరంగా చూసే ఫ్లోరిడా చట్టంలోని సెక్షన్ అది. అరెస్టు నాటి అభియోగాల్లో అది లేదు. ఇది కక్షసాధింపు అరెస్టంటూ లోజ్‌మన్ నగరంపై దావా వేశాక, ఆ దావా నడుస్తుండగా నగరమే దాన్ని వెతికి తెచ్చి కోర్టు ముందు పెట్టింది. ముందు పట్టుకెళ్లి తర్వాత సెక్షన్ చూసుకోవడం తెలుగు పాఠకులకు కొత్తేమీ కాదు. కాకపోతే ఇక్కడ ఆ పని కోర్టు హాల్లోనే జరిగింది.

అసలు గొడవ అంతకు ముందే మొదలైంది. నగర మెరీనాలో తేలే ఇంట్లో ఉండే లోజ్‌మన్, తీరప్రాంత భూములను సేకరించి అభివృద్ధి చేస్తామన్న పథకాన్ని బాహాటంగా వ్యతిరేకించాడు. బహిరంగ సమావేశాల చట్టాన్ని ఉల్లంఘించారంటూ 2006 జూన్‌లో కౌన్సిల్ మీద దావా వేశాడు. అదే నెల సభ్యులు తలుపులు మూసుకుని కూర్చున్నారు. నగర వనరులతో ఇలాంటివాళ్లను బెదరగొట్టాలని సభ్యురాలు ఎలిజబెత్ వేడ్ అన్నారు. ఈ మాటకు అందరూ ఒప్పుకున్నట్టేనా అని మరో సభ్యుడు అడిగితే, ఔనన్న సమాధానాలు వచ్చాయి. దావా గెలవడానికి డబ్బు ఖర్చు పెడదామన్నదే తమ ఉద్దేశమని నగరం ఆ తర్వాత చెప్పుకుంది.

నవంబరు సమావేశంలో, ప్రజలు మాట్లాడే సమయంలోనే, ఓ మాజీ కౌంటీ అధికారి అరెస్టు గురించి లోజ్‌మన్ ఎత్తుకోగానే ఆపమన్నదీ పోలీసును పిలిచిందీ ఆ వేడ్ గారే. అభియోగాలేమయ్యాయి? నేరం రుజువయ్యే అవకాశం లేదని ప్రాసిక్యూటరే ఎత్తేశారు.

సభ సాగాలంటే ఎవరినైనా ఆపే అధికారం అధ్యక్ష స్థానానికి ఉండాల్సిందే, అందులో వివాదం లేదు. అయినా ఆ అధికారం పేరుతో ఈ కేసు ఎటు పోయిందో చూడాలి. 19 రోజుల విచారణ తర్వాత జ్యూరీ నగరానికే అనుకూలంగా తీర్పిచ్చింది. జ్యూరీకి జడ్జి చేసిన సూచనల్లో తప్పుందనుకున్నా అరెస్టుకు ఆధారం ఉంది కనుక ఫలితం మారదని అప్పీళ్ల కోర్టు తేల్చేసింది. ఏ ఆధారం? మళ్లీ 871.01. చివరికి సుప్రీంకోర్టులో లోజ్‌మన్ కూడా దాని మీద పోట్లాడలేదు. ఆధారం ఉన్నంత మాత్రాన కక్షసాధింపు కక్షసాధింపు కాకుండా పోదన్న వాదననే పట్టుకున్నాడు.

జస్టిస్ కెనడీ రాసిన తీర్పు ఆ వాదనకు తలుపు తెరిచింది గానీ ఒక్క మనిషి పట్టేంతే. కక్షసాధింపు నగరం అధికారిక విధానమని నిరూపించగలిగితేనే ఆ దారి. జస్టిస్ థామస్‌కు అదీ నచ్చలేదు. మరుసటి ఏడాది నీవ్స్ కేసులో అదే సుప్రీంకోర్టు, పోలీసులపై వేసే ఇలాంటి దావాలను, కొద్దిపాటి మినహాయింపుతో, అరెస్టుకు ఆధారం ఉంటే చాలు కొట్టేయొచ్చంది.

ఇది గెలుపెలా అవుతుందో పండగ చేసుకున్నవాళ్లే చెప్పాలి. దావాల మీద రహస్యంగా మాట్లాడుకున్నా ప్రతి మాటా నమోదు కావాలని ఫ్లోరిడా చట్టం అంటుంది, అందుకే లోజ్‌మన్ చేతికి జూన్ నాటి రహస్య సమావేశం ప్రతి వచ్చింది. కాగితం మీదికి ఎక్కకుండా నడవాలో, ఫోన్లో, ఎవరి ఇంట్లోనో కుదుర్చుకున్న కక్షను సామాన్యుడు ఏం చూపించి నిరూపించాలి? అతన్ని లాక్కెళ్లిన ఏడాదికో రెండేళ్లకో నగర వకీళ్లు చట్టాల పుస్తకం తిరగేసి ఇంకో 871.01 పట్టుకొస్తే, కోర్టులు దాన్నీ ఆధారంగానే లెక్కేస్తాయా?