దుప్పటి ఇస్తే సరిపోదు

ధనవంతుడు, లాజరు కథ మీద మన చర్చిల్లో ఎన్ని ప్రసంగాలు విన్నా చివరికి తేలేది ఒకటే. ధనవంతుడు పెట్టలేదు, పాతాళానికి పోయాడు, కాబట్టి మీరు పెట్టండి. ఉన్నవాడి నుంచి బైబిలు కోరేది దానమేనని, అది ముట్టజెబితే లెక్క తీరిపోతుందని విశ్వాసుల్లోనూ సేవకుల్లోనూ గట్టిగా నాటుకుపోయింది. ఈ అభిప్రాయం తప్పు. లేఖనం అడిగేది అంతకంటే కష్టమైనది. పేదవాడితో స్నేహం చేయమంటుంది.

లూకా సువార్త 16వ అధ్యాయం తెరిచి ఆ కథ నిదానంగా చదవండి. ధనవంతుడు లాజరుకి ఏమీ పెట్టలేదని మన తెలుగు బైబిల్లో ఎక్కడా లేదు. లాజరు అతని వాకిట్లో పడి ఉన్నాడు, బల్ల మీంచి పడే ముక్కలకు ఆశపడ్డాడు. అంతవరకే ఉంది. అక్కణ్ణుంచి అతన్ని ఎవరూ తరిమేసినట్టు కూడా లేదు. అసలు సంగతి చనిపోయాక బయటపడుతుంది. మంటల్లో ఉన్న ధనవంతుడు లాజరుని పేరు పెట్టి చెబుతాడు. అంటే వాకిట్లో పడి ఉన్న మనిషి పేరు అతనికి తెలుసు! తెలిసీ ఒక్కనాడు లోపలికి రమ్మనలేదు. ఇప్పుడైనా లాజరుతో నేరుగా మాట్లాడతాడా అంటే అదీ లేదు. నాలుక తడపడానికి పంపమంటాడు, అన్నదమ్ములకు కబురు చెప్పడానికి పంపమంటాడు. చచ్చినా అతని కంటికి లాజరు పనివాడే. ఆ లాజరేమో అబ్రాహాము రొమ్మున ఉన్నాడు. ఆఖరి రాత్రి భోజనంలో యేసు ప్రేమించిన శిష్యుడు ఆనుకుని ఉన్నదీ అలాగే. దేవుని స్నేహితుడని యాకోబు పత్రిక చెప్పేది ఆ అబ్రాహామునే.

అదే అధ్యాయంలో కాస్త ముందు, సిరితో స్నేహితుల్ని సంపాదించుకోమంటాడు యేసు. సిరి చేజారిన రోజున శాశ్వతమైన నివాసాల్లోకి చేర్చుకునేది ఆ స్నేహితులే. అక్కడ ఇల్లు పేదవాడిది, అతిథి ధనవంతుడు. 14వ అధ్యాయంలో విందు చేసేటప్పుడు ధనవంతులైన ఇరుగుపొరుగుని కాక బీదల్ని పిలవమన్నాడు. పొట్లాలు కట్టి పంపమనలేదు.

పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఈ మాటను నేరుగా ఒక సంఘం మీదే పెడుతుంది. అది క్రీ.శ. 50ల నడిమి మాట. అప్పటికి చర్చి భవనాలు లేవు. కాస్త స్తోమత ఉన్న విశ్వాసి ఇంట్లోనే ఆరాధన, అక్కడే ప్రభువు బల్ల. రోమన్ల ఇళ్లలో భోజనాల గదిలో మంచాల మీద ఒరిగి తినేవాళ్లు. ఆ గదిలో మామూలుగా తొమ్మిదిమందికే చోటు, మిగతావాళ్లు బయటి ముంగిట్లో సర్దుకోవాలి. హోదాని బట్టి వడ్డన మారడం ఆ సమాజంలో మామూలే. తనకూ దగ్గరివాళ్లకూ ఒక రకం ద్రాక్షారసం, చిన్నపాటి స్నేహితులకు ఇంకో రకం, బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లకు మూడో రకం పోయించిన ఒక గృహస్థు గురించి చిన్న ప్లినీ అనే రోమన్ రచయిత అసహ్యపడుతూ రాశాడు. కొరింథు సంఘంలో పరిస్థితి అంతకంటే ఘోరం. ముందే వచ్చినవాళ్లు తిని తాగి మత్తెక్కి ఉన్నారు, కూలీనాలీ చేసుకుని వచ్చినవాళ్లు ఆకలితో నిలబడ్డారు. మీరు తింటున్నది ప్రభువు భోజనమే కాదని పౌలు తెగేసి చెప్పాడు. లేనివాళ్లని సిగ్గుపరుస్తున్నారన్నాడు. ఒకరి కోసం ఒకరు ఆగి కలిసి తినమన్నాడు. అదే పత్రిక 16వ అధ్యాయంలో యెరూషలేములోని విశ్వాసుల కోసం వారంవారం చందా తీసిపెట్టమని ఆ సంఘానికే చెప్పాడు. చందా ఇస్తున్నారు కదా అని బల్ల దగ్గరి తప్పును మాఫీ చేయలేదు.

మన తెలుగు సంఘాలకు ఈ పత్రికతో పాత బంధం ఉంది. 1866లో ఒంగోలు చేరిన మిషనరీ క్లౌ దొర దగ్గరికి పై కులాలవాళ్లు వచ్చారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామన్నారు. పలుకుబడీ డబ్బూ వాళ్ల దగ్గరే ఉన్నాయి. దొర ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీ పత్రికలో దేవుడు తక్కువవాళ్లని ఏర్పరచుకున్నాడన్న మాటే కనబడిందట. మాదిగల్నే చేర్చుకున్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అలా మొదలైన సంఘాలున్న ఈ గడ్డ మీద ఇవాళ మాల చర్చి వేరు, మాదిగ చర్చి వేరు ఉన్న ఊళ్లున్నాయి. క్రిస్మస్‌కి టార్పాలిన్ పట్టాల మీద కూర్చోబెట్టి దుప్పట్లు పంచి ఫొటోలు తీసుకుని, దాతలకు మాత్రం పాస్టరు గారింట్లో వేరే వడ్డించే చర్చిలున్నాయి.

స్నేహం సమానుల మధ్యే కుదురుతుంది, బలవంతంగా రాదు అంటారు కొందరు. దేవుడికీ మనిషికీ మధ్య ఉన్న ఎడం కంటే మీకూ మీ చర్చి ఊడ్చే ఆమెకీ మధ్య ఉన్న ఎడం ఎక్కువా? మిమ్మల్ని ఇక దాసులనను, స్నేహితులంటానని యేసు శిష్యులతో అన్నట్టు యోహాను 15వ అధ్యాయంలో ఉంది. ఆ మాట నమ్మినవాళ్లకు ఈ సాకు చెల్లదు. బీదలకిచ్చింది దేవుడికి అప్పిచ్చినట్టేనని సామెతల గ్రంథం చెప్పిన మాట నిజమే. ఇవ్వండి, మానొద్దు. కాని అక్కడితో ఆగొద్దు.

సంఘపెద్దలారా, ఈ నెలలో ఒక ఆదివారం మీ సంఘంలో అందరికంటే పేద కుటుంబాన్ని మీ ఇంటికి భోజనానికి పిలవండి. మీ పిల్లల పక్కనే వాళ్ల పిల్లల్ని కూర్చోబెట్టి వడ్డించండి. వాళ్లు పిలిచిన రోజున వాళ్లింటికి వెళ్లి, వాళ్లు పెట్టింది తినండి.