బంగారు బిళ్ల - వెండి బిళ్ల

తిరుమల యాత్రకు పోయినవారిలో కొందరు శ్రీవారి డాలరు కొని తెచ్చుకొందురు. దేవస్థానమువారు వానిని బంగారముతోను, వెండితోను చేయించి విక్రయించుచున్నారు. పది గ్రాముల బంగారు బిళ్లను, అంతే భారమును, అంతే మందమును గల వెండి బిళ్లను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. బంగారు బిళ్ల చిన్నది. “ఇంత సొమ్ము పోసినందుకు ఇంతేనా!” అని నిట్టూర్చు తల్లులు కలరు. “బంగారము ప్రియము గదా, అందుచేతనే చిన్నది” అని వారిని సమాధానపరచు పెద్దలును కలరు. ఆ సమాధానము సరికాదని నా అభిప్రాయము.

త్రాసునకు ధరతో పనిలేదు. తిరుమలలో తులాభారము చూచినవారికి ఈ సంగతి తెలియును. బిడ్డ యెత్తు బెల్లము పెద్ద కుప్ప యగును. అదే యెత్తు నాణెములు చిన్న మూటలో ఇమిడిపోవును. ఇక సీసము మాట చూడుడు. అది వెండికన్న ఎంతయో చవుక. అయినను ఒక ఘన సెంటీమీటరు సీసము 11.3 గ్రాములు తూగగా వెండి 10.5 గ్రాములే తూగును. సమాన భారముగల బిళ్లలలో చవుకయైన సీసపు బిళ్లయే చిన్నది! ధరయే కారణమైనచో ఇట్లుండునా?

అసలు కారణము లోహము లోపలనే యున్నది. బంగారు పరమాణువును, వెండి పరమాణువును పరిమాణమున ఇంచుమించు సమానములు. రెండు లోహములందును అవి ఒకే తీరున పేర్చబడి యుండును. కాని వెండి పరమాణు భారము 108 కాగా బంగారముది 197. ఒకే పరిమాణముగల గాజు గోళీలను, ఉక్కు గుండ్లను రెండు సమానమైన డబ్బాలలో నింపి ఎత్తి చూచినచో ఈ భేదము మీ చేతికే తెలియును. అందుచేతనే ఘన సెంటీమీటరు బంగారము 19.3 గ్రాములు తూగుచున్నది.

తూర్పు ఇండియా కంపెనీవారు 1835లో ముద్రించిన వెండి రూపాయియు, బంగారు మొహరును ఒక్కొక్కటి తులము, అనగా 11.66 గ్రాములు. రూపాయి అడ్డుకొలత 30 మిల్లీమీటర్లకు మించగా, మొహరుది సుమారు 26 మాత్రమే.

శ్రీకృష్ణదేవరాయలు 1514లో తిరుమలేశునకు ముప్పదివేల బంగారు నాణెములతో కనకాభిషేకము చేసెను. అవి 3.4 గ్రాముల వరహాలే అయినచో మొత్తము నూరు కిలోలకు మించును. ఆ బంగారమునంతయు కరగించి పోసినను ఒక నీళ్ల బిందె నిండదు!

ధరనుబట్టియే పరిమాణమని నమ్మినవారు అంగడిలో మోసపోవుట సులభము. బంగారు పూత పూసిన వెండి బిళ్లను అసలు బంగారు బిళ్లయంత పరిమాణమున చేసినచో, దాని భారము సగమునకు కొంచెమే మించును. అసలు బిళ్లయంత భారముతో చేసినచో పరిమాణము పెరుగును. కావున కొనువారు భారమును, పరిమాణమును కలిపి చూడవలెను. పది గ్రాముల మేలిమి బంగారమును దారముతో కట్టి నీటిలో వ్రేలాడదీసి తూచినచో ఇంచుమించు తొమ్మిదిన్నర గ్రాములు తూగును. వెండి తొమ్మిదికి కొంచెమే మించును. మన పాఠశాలలలో సాంద్రత నిర్వచనమును వల్లె వేయించుటకన్న ఈ తూనికను ఒక్కసారి చేయించుట మేలు.

టంగ్‌స్టను అను చవుక లోహము సాంద్రత మాత్రము 19.25. దానిపై బంగారు పూత పూసినచో ఈ నీటి పరీక్షయు ఓడిపోవును.