నేల ఆరనిదే బాట ఎక్కొద్దు

అమెరికా ఈశాన్యాన ఉన్న వెర్మాంట్ రాష్ట్రంలో శీతాకాలానికీ వసంతానికీ నడుమ ఇంకో కాలం ఉంది. అక్కడివాళ్లు దాన్ని మడ్ సీజన్ అంటారు. మార్చిలో మొదలయ్యే ఈ బురద కాలం ఎత్తైన కొండల్లో మే నెలాఖరు దాకా సాగుతుంది. ఆ రాష్ట్రంలో సగానికి పైగా రోడ్లు మట్టివో కంకరవో. అందుకే ఆ రోజుల్లో చాలా ఊళ్లు బరువు లారీలను ఆ రోడ్ల మీదికి రానివ్వవు. బోర్డు పెడితే లారీ ఆగాల్సిందే. అడవిలోని మౌంటెన్ బైక్ (కొండ సైకిలు) బాటల దగ్గర మాత్రం ఈ కట్టుబాటు సడలిపోతోంది. ‘మూసి ఉంది’ అన్న బోర్డును దాటుకుని చక్రాల జాడలు లోపలికి సాగుతూనే ఉన్నాయి. ఇది ఆగాలి. నేల ఆరేదాకా బాటలను అందరికీ మూసేయాలి, మూసిన బాటను అందరూ గౌరవించాలి.

మంచు కరిగితే నీరు ఇంకిపోతుంది కదా, అంత గొడవ ఎందుకని అడిగేవారు ఉన్నారు. నీరు ఇంకదు. చిక్కంతా అక్కడే. చలికాలంలో నేల గడ్డకట్టేటప్పుడు కింది పొరల్లోని తేమను పైకి లాక్కుని మట్టి లోపలే మంచు పలకలను పేర్చుకుంటుంది. ఎండ వచ్చాక కరుగుదల పైనుంచి మొదలవుతుంది. పైన కొన్ని అంగుళాల మట్టి కరిగి మెత్తబడుతుంది, దాని కింద నేల ఇంకా రాయిలా గడ్డకట్టే ఉంటుంది. నీరు కిందికి పోయే దారి లేక పై మట్టిలోనే నిలుస్తుంది. నల్లరేగడి చేను పదునుకు రాకముందే రైతు అందులోకి బండి తోలడు. వెర్మాంట్ నేలకూ అదే న్యాయం.

అలాంటి మట్టి మీద చక్రం నడిస్తే గాడి పడుతుంది. మంచి బాటను కట్టేవాళ్లు దాన్ని లోయ వైపు కాస్త వాలుగా చెక్కుతారు, వాన నీరు బాటను అడ్డంగా దాటి పల్లానికి జారిపోవాలని. గాడి పడ్డాక నీరు అలా జారదు. బాట పొడవునా పారుతూ మట్టిని కోసుకుపోతుంది, చెట్ల వేళ్లు బయటపడతాయి. తర్వాత వచ్చినవాడు ఆ బురదను తప్పించుకోవాలని పక్కనున్న గడ్డి మీదికి మళ్లుతాడు, వాడి వెనకవాడు ఇంకొంచెం పక్కకు పోతాడు. అలా అడుగున్నర బాట ఆరడుగులవుతుంది. ఒక్క మధ్యాహ్నపు సరదా మిగిల్చిన గాయాన్ని మాన్పడానికి వేసవిలో స్వచ్ఛంద కార్యకర్తలు పారలూ గడ్డపారలూ పట్టుకుని రోజుల తరబడి ఒళ్లు వంచాలి.

నేరమంతా సైకిళ్లదే అనడం అన్యాయం. మోంటానాలో విల్సన్, సెనీ చేసిన పరిశోధన 1994లో వెలువడింది. సైకిలు చక్రాల కన్నా గుర్రపు డెక్కలూ మనుషుల కాళ్లే ఎక్కువ మట్టిని వదులు చేశాయని, తడి బాటల మీద ఆ తేడా మరింత కనిపించిందని వాళ్లు తేల్చారు. కొందరు సైక్లిస్టులు దీన్ని కవచంలా వాడుకుంటున్నారు. అది చెల్లదు. కాళ్లు కూడా చెరుపు చేస్తాయంటే కాళ్లనూ ఆపాలి. వెర్మాంట్‌లో ఆ పని జరుగుతోంది కూడా. మాన్స్‌ఫీల్డ్, కామెల్స్ హంప్ కొండల మీద నడక బాటలను సైతం మే చివర్లో వచ్చే మెమోరియల్ డే వారాంతం దాకా మూసి ఉంచుతారు. 1910లో ఏర్పడి, లాంగ్ ట్రెయిల్ అనే నడక బాటను కాపాడుకొస్తున్న గ్రీన్ మౌంటెన్ క్లబ్ నడిచేవారికి ఏటా ఈ మాటే చెబుతుంది.

ఇందులో మట్టిని మించిన ప్రశ్న ఒకటి ఉంది: ఆ నేల ఎవరిది? వెర్మాంట్‌లోని ఈస్ట్ బర్క్ ఊరి చుట్టూ 100 మైళ్లకు పైగా పరుచుకున్న కింగ్‌డమ్ ట్రెయిల్స్ సైకిలు బాటలు సుమారు 100 మంది భూయజమానుల సౌజన్యం మీద నిలిచాయి. 2019 డిసెంబరులో వారిలో ముగ్గురు ఇక తమ భూముల్లోకి సైకిళ్లు రావద్దన్నారు. అక్కడ కారణం బురద కాదు, పెరిగిపోయిన రద్దీ, కొందరి దురుసు ప్రవర్తన. అయినా పాఠం ఒకటే. భూయజమాని ఇచ్చిన అనుమతి హక్కు కాదు, ఆయన ఏ రోజైనా వెనక్కి తీసుకోగలడు. కంచె వేసిన పొలం గుండా బాట మళ్లీ తెరిపించడం బురద ఆరేదాకా ఆగడం కన్నా ఎన్నో రెట్లు కష్టం.

అసలే సీజన్ చిన్నది, సైకిలు దుకాణాలూ బసలూ ఏం కావాలన్నది న్యాయమైన బాధే. కానీ వాటి బతుకుతెరువు ఆ బాటలే. ఆ బాటలను ఏప్రిల్‌లో పాడుచేసుకుంటే జూలైలో వచ్చిన అతిథికి చూపించడానికి ఏముంటుంది? నిర్వాహకులకూ ఇక్కడ బాధ్యత ఉంది. నడి శీతాకాలంలోనే మంచు కరిగి బురదయ్యే రోజులు వస్తున్నాయి కాబట్టి క్యాలెండర్ తేదీని మాత్రమే నమ్ముకోవడం చాలదు. బాటను తరచూ నడిచి చూసి, తెరిచారో మూశారో ఏ రోజుకా రోజు ప్రకటించాలి. దక్షిణపు వాలున ముందుగా ఆరిన బాటలను ముందే తెరవాలి. పాత బాటల్లో నీరు నిలిచే మలుపులను తిరగ్గట్టడానికి ప్రభుత్వం డబ్బు ఇవ్వాలి.

బోస్టన్, కనెక్టికట్, న్యూజెర్సీల నుంచి వారాంతాల్లో ఈ కొండలకు వెళ్లే తెలుగు కుటుంబాలకూ ఈ మాట వర్తిస్తుంది. ఇంటి నుంచి బయలుదేరే ముందే బాట తెరిచి ఉందో లేదో చూసుకోండి. మూసి ఉంటే తారు రోడ్డు మీద తొక్కండి. తెరిచి ఉన్నా సరే, వెనక్కి తిరిగి చూసినప్పుడు మీ చక్రం చేసిన గాడి కనబడితే అక్కడి నుంచే వెనుదిరగండి. ఎదురైన గుంటను పక్కనుంచి దాటవద్దు. పిల్లలకు కూడా ఇదే నేర్పండి. నేల ఆరాక బాటలు బాగుచేసే రోజున ఒక పూట వెళ్లి పార పట్టండి.