మాట్లాడి మార్చేస్తారా?

‘ఒక్కసారి కౌన్సెలింగ్‌కి తీసుకెళ్లండి, అన్నీ సర్దుకుంటాయి.’ మన ఇళ్లల్లో ఈ మధ్య బాగా వినిపిస్తున్న మాట ఇది. ఇంటర్‌లో మార్కులు తగ్గినా, చేతిలో ఫోన్ వదలకపోయినా, పెళ్లి వద్దన్నా ఇదే సలహా. పిన్ని చెప్తుంది, పక్కింటి అంకుల్ చెప్తాడు. చాలాసార్లు అది మంచి సలహానే. మనసు బాగోలేదని డాక్టర్ దగ్గరకి వెళ్లడానికి సిగ్గుపడే రోజులు మెల్లగా పోతున్నాయి. సంతోషించాల్సిన విషయం.

కానీ ఇదే మాట ఇంకో సందర్భంలోనూ వాడుతున్నారు. కొడుకు ‘నాకు అబ్బాయిలంటేనే ఇష్టం’ అని చెప్పినప్పుడు. కూతురు ‘నేను ఆ అమ్మాయితోనే ఉంటా’ అని తేల్చేసినప్పుడు. అక్కడ కౌన్సెలింగ్ అనే మాటకి అర్థమే మారిపోతుంది. బాధ వినడానికి తీసుకెళ్లరు, ఇష్టాన్ని మార్పించడానికి తీసుకెళ్తారు. దీన్నే ప్రపంచమంతా కన్వర్షన్ థెరపీ అంటోంది. ఇది పనిచేస్తుందా? చట్టం ఒప్పుకుంటుందా? ‘నా ఇష్టంతోనే వెళ్తున్నా’ అంటే తప్పేంటి? ఈ వారం ఈ మూడు ప్రశ్నలు చూద్దాం.

షాకుల నుంచి సోఫా దాకా

ఒకప్పుడు ఈ ‘వైద్యం’ చాలా మోటుగా ఉండేది. కంప్యూటర్ సైన్స్‌కి పునాది వేసిన అలన్ ట్యూరింగ్ పేరు మీలో ఇంజినీరింగ్ చదివేవాళ్లకి బాగా తెలుసు. 1952లో బ్రిటన్ కోర్టు ఆయన్ని స్వలింగ సంబంధం నేరం కింద దోషి అంది. జైలు తప్పాలంటే హార్మోన్ వైద్యానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. రెండేళ్లకే, 41 ఏళ్ల వయసులో చనిపోయాడు. బ్రిటన్ ఆయనకి క్షమాభిక్ష ఇచ్చింది ఎప్పుడో తెలుసా? 2013లో.

ఆ తర్వాతి దశాబ్దాల్లో కరెంటు షాకులు వచ్చాయి. మగవాళ్ల ఫొటోలు చూపిస్తూ షాక్ ఇవ్వడం, వాంతి వచ్చే మందు ఇవ్వడం లాంటివి ఆసుపత్రుల్లోనే చేశారు. ఇప్పుడు అవి బాగా తగ్గి, సోఫాలో కూర్చోబెట్టి మాట్లాడే పద్ధతి వచ్చింది. చిన్నప్పుడు నాన్న దగ్గరగా లేడు కాబట్టి ఇలా అయ్యావనో, నీలో నిజమైన మగాడు నిద్రపోతున్నాడనో నూరిపోస్తారు. మన దగ్గర వీటికి పూజలు, తాయెత్తులు, నిద్రమాత్రలు కూడా తోడవుతాయి. ఏదీ కుదరకపోతే ఆఖరి అస్త్రం ఉండనే ఉంది: ‘పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది.’ సర్దుకోదు. సంబంధం లేని ఇంకో అమ్మాయో అబ్బాయో బలవుతారు, అంతే.

ఒక డాక్టర్, రెండు మలుపులు

ఇది పనిచేస్తుందా అనే ప్రశ్నకి అమెరికా సైకియాట్రిస్ట్ రాబర్ట్ స్పిట్జర్ కథ తెలుసుకోవాలి. సినిమాకి సరిపడా మలుపులు ఉన్నాయి.

1973 డిసెంబర్‌లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ స్వలింగ ఆకర్షణని మానసిక జబ్బుల జాబితా నుంచి తీసేసింది. ఆ నిర్ణయం వెనక ముఖ్యంగా పనిచేసినవాళ్లలో స్పిట్జర్ ఒకడు. గే ఉద్యమకారుల మాట విని, ‘బాధ లేకుండా, పని చేసుకుంటూ బతుకుతున్న మనిషిని జబ్బు మనిషి అని ఎలా అంటాం’ అనే వాదనని సంఘం లోపలికి తీసుకెళ్లాడు.

అదే మనిషి 2003లో ఇంకో పేపర్ అచ్చేశాడు. థెరపీతో మారామని చెప్పుకుంటున్న 200 మందిని ఫోన్‌లో ఇంటర్వ్యూ చేసి, వాళ్లలో చాలామందిలో ఎంతో కొంత మార్పు వచ్చిందని రాశాడు. ఇంకేముంది? జబ్బు కాదన్న డాక్టరే మారొచ్చు అంటున్నాడని ప్రపంచమంతా మోగిపోయింది. ఎంతోమంది తల్లిదండ్రులకి అది ఆశ అయింది, ఎంతోమంది పిల్లలకి శిక్ష అయింది.

లోపం ఎక్కడుంది? మారామని చెప్పినవాళ్ల మాట తప్ప ఆయన దగ్గర ఇంకో ఆధారం లేదు. వాళ్లలో చాలామంది ‘మార్పు’ని ప్రచారం చేసే సంస్థల ద్వారానే వచ్చారు. పోల్చి చూడటానికి ఇంకో గుంపు లేదు. వాళ్లు ఆయనకి అబద్ధం చెప్తున్నారా, తమకి తామే చెప్పుకుంటున్నారా అని తేల్చే దారి లేదు. బరువు తగ్గించే పొడి అమ్మేవాళ్లు పిలుచుకొచ్చిన కస్టమర్లని అడిగి, పొడి పనిచేస్తుందని తేల్చినట్టు ఉంటుంది.

2012లో, 79 ఏళ్ల వయసులో, స్పిట్జర్ తన పేపర్ అచ్చయిన జర్నల్‌కే ఉత్తరం రాశాడు. విమర్శకులు చెప్పింది నిజమేనని ఒప్పుకున్నాడు. గే సమాజానికి, ఆ పేపర్ నమ్మి ఇలాంటి థెరపీలకి కాలాన్ని, శక్తిని ధారపోసినవాళ్లకి క్షమాపణ చెప్పాడు.

ఆ మరుసటి ఏడాదే ఇంకోటి జరిగింది. ఈ మార్పు ప్రచారానికి అమెరికాలో పెద్ద దిక్కుగా ఉన్న ఎక్సోడస్ ఇంటర్నేషనల్ 1976 నుంచి నడుస్తున్న సంస్థ. దాని అధ్యక్షుడు అలన్ చాంబర్స్ 2013 జూన్‌లో క్షమాపణ చెప్పాడు, సంస్థని మూసేశారు. షాపు ఓనరే షట్టర్ దించేసి ‘సారీ’ అన్నాడంటే సరుకు సంగతి అర్థం చేసుకోవచ్చు.

ఇక సైన్స్ సంగతి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నిపుణుల బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి 2009లో నివేదిక ఇచ్చింది. ఈ పద్ధతులు ఓరియెంటేషన్‌ని మారుస్తాయనడానికి సరైన ఆధారాలు లేవు, డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు లాంటి హాని జరిగే ప్రమాదం మాత్రం ఉంది అని తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. జబ్బే కాని దానికి మందేంటి?

మన చట్టం ఏమంటోంది?

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు పెద్దల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదంది. ఇది మీకు తెలిసే ఉంటుంది. దానికి ముందే వచ్చిన 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం గురించి మాత్రం చాలామందికి తెలీదు. ఒక మనిషి తన చుట్టూ ఉన్న సమాజం నైతిక విలువలకో, మత నమ్మకాలకో సరిపోవట్లేదని అతనికి మానసిక జబ్బు ఉందని తేల్చకూడదని ఆ చట్టంలోనే రాసి ఉంది.

2021 జూన్‌లో మద్రాస్ హైకోర్టు ఇచ్చిన ఆదేశం ఇంకా ఆసక్తికరం. మదురై నుంచి ఇద్దరమ్మాయిలు కలిసి బతకడానికి చెన్నై వచ్చేశారు. అమ్మానాన్నలు పోలీసు కంప్లైంట్ ఇచ్చారు, అమ్మాయిలు రక్షణ కోసం కోర్టుకెళ్లారు. జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఇద్దరినీ, తల్లిదండ్రులనీ ఒక సైకాలజిస్టుతో మాట్లాడమన్నారు. అమ్మాయిలకి తమ బంధం మీద ఏ గందరగోళమూ లేదని, అమ్మానాన్నల మీద ప్రేమ అలాగే ఉందని ఆ నివేదిక చెప్పింది. తల్లిదండ్రుల్లో కనిపించింది ‘నలుగురూ ఏమనుకుంటారో’ అనే భయం.

అప్పుడు జడ్జి ఏం చేశారో తెలుసా? ఈ విషయం తనకే సరిగా అర్థం కాలేదని బాహాటంగా చెప్పి, తనే ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. ఆ తర్వాతే ఆదేశం రాశారు. ఓరియెంటేషన్‌ని ‘నయం చేసే’ ప్రయత్నాలని నిషేధించాలి, అలా చేసేవాళ్ల లైసెన్స్ రద్దుతో సహా చర్యలు తీసుకోవాలి అన్నారు. దాన్ని అనుసరించి 2022 ఆగస్టులో నేషనల్ మెడికల్ కమిషన్ కన్వర్షన్ థెరపీని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటిస్తూ రాష్ట్ర మెడికల్ కౌన్సిళ్లకి లేఖ పంపింది.

2024 మార్చిలో, కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు కింది కోర్టులకీ హద్దు గీసింది. ఇలాంటి కేసుల్లో కౌన్సెలింగ్ పేరుతో మనిషి లైంగికతని, గుర్తింపుని మార్చే ప్రయత్నం చేయొద్దని చెప్పింది. అదే ఏడాది డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మేజర్ అయిన అమ్మాయికి తన తోడుని ఎంచుకునే హక్కు ఉందని, తల్లిదండ్రులు అడ్డు రావొద్దని ఇద్దరమ్మాయిల కేసులో స్పష్టం చేసింది.

అయితే ఒక పెద్ద కన్నం అలాగే ఉంది. పార్లమెంటు చేసిన ప్రత్యేక నిషేధ చట్టం మనకి లేదు. మెడికల్ కౌన్సిల్ పట్టుకోగలిగేది రిజిస్టరైన డాక్టర్లని. బాబాలు, ‘లైఫ్ కోచ్’లు, వీధి చివర బోర్డు పెట్టినవాళ్లు ఆ వలలో పడరు.

మరి అవతలి వాదన?

అవతలి వాదనని కొట్టిపారేయకుండా విందాం. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2019లో మైనర్ల మీద ఈ థెరపీని నిషేధించింది. దాన్ని ఒక కౌన్సెలర్ సవాలు చేస్తే 2025 అక్టోబర్‌లో అక్కడి సుప్రీంకోర్టులో వాదనలు జరిగాయి. ఆమె వాదన: ‘నేను షాకులు ఇవ్వట్లేదు, మాట్లాడుతున్నా. నా మాటని ప్రభుత్వం ఎలా ఆపుతుంది?’ రాష్ట్రం జవాబు: ‘లైసెన్స్ తీసుకుని గదిలో చెప్పేది వైద్యం. వైద్యానికి ప్రమాణాలు ఉంటాయి.’

రెండో వాదన కాస్త గట్టిది. ‘నేను మేజర్‌ని. నా మతం, నా కుటుంబం నాకు ముఖ్యం. మారాలని నాకే ఉంది. నన్ను ఆపడానికి మీరెవరు?’ నిజమే, ఆ బాధ నిజం. అలాంటి మనిషికి సాయం కచ్చితంగా కావాలి. నమ్మకానికీ ఇష్టానికీ మధ్య నలిగిపోతున్నప్పుడు తీర్పు చెప్పకుండా వినే థెరపిస్టుని ఏ నిషేధమూ ఆపట్లేదు. ఆపేది ఫలితం ముందే రాసిపెట్టుకున్న కౌన్సెలింగ్‌ని. రాని ఫలితాన్ని వస్తుందని అమ్మితే, రోగి సంతకం పెట్టినా అది మోసమే. పైగా ‘నా ఇష్టం’ అనే మాటకి ముందు ఇంట్లో ఎన్ని ఏడుపులు, ఎన్ని ‘నేను చచ్చిపోతా’లు జరిగాయో కూడా చూడాలి. 19 ఏళ్లకి, ఫీజు కట్టేది నాన్న అయినప్పుడు, ‘ఇష్టం’ ఎంత సొంతమో మీకే తెలుసు.

ఇప్పుడేం చేయాలి?

ఇది మీ ఇంట్లోనే జరుగుతుంటే ముందు ఒక ప్రశ్న అడగండి. కౌన్సెలర్‌ని సూటిగా, మొదటి రోజే: ‘మీరు నా ఓరియెంటేషన్ మార్చడానికి ప్రయత్నిస్తారా?’ మంచి నిపుణులు ‘లేదు’ అంటారు. ‘చూద్దాం, ఆరు సిటింగ్స్‌లో సెట్ చేద్దాం’ అంటే లేచి వచ్చేయండి. మందు రాస్తే దేనికో అడగండి, ప్రిస్క్రిప్షన్ కాపీ దాచుకోండి. డాక్టర్ అయితే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి కంప్లైంట్ ఇవ్వొచ్చు. ఇంట్లో బంధిస్తారనే భయం ఉంటే, ఎక్కడ ఉంటారో నమ్మకమైన ఒక ఫ్రెండ్‌కి ముందే చెప్పి ఉంచండి. ఉచిత న్యాయ సాయానికి 15100. మనసు మరీ బరువెక్కితే 14416, టెలిమానస్. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు అక్కర్లేదు.

ఆ ఫ్రెండ్ మీరే అయితే, సలహాలు తర్వాత. రోజూ ఒక మెసేజ్ పెట్టండి, జవాబు రాకపోతే ఫోన్ చేయండి. వాళ్ల సంగతి వాళ్లు చెప్పమనకుండా ఇంకెవరికీ చెప్పొద్దు.

అమ్మానాన్నల విషయం ఒకటి మిగిలింది. వాళ్ల భయం నటన కాదు. ‘మా తర్వాత నీకెవరు? ఊళ్లో తల ఎలా ఎత్తుకోవాలి?’ అనే ప్రశ్నలు రాత్రుళ్లు నిద్ర పోనివ్వవు. ఆ భయానికి కౌన్సెలింగ్ ఉంది, పనిచేస్తుంది కూడా. కాబట్టి ఈసారి ఎవరైనా ‘కౌన్సెలింగ్‌కి తీసుకెళ్లండి’ అంటే కాదనకండి. అపాయింట్‌మెంట్ మాత్రం పిల్లల పేరు మీద కాకుండా పెద్దల పేరు మీద తీసుకోమనండి. హైకోర్టు జడ్జే వెళ్లి కూర్చున్నారు, మనవాళ్లకి నామోషీ ఏముంది?