ఒకే భాష, రెండు వీధులు

తమిళనాట తెలుగు పోతోందని సభలు పెట్టి బాధపడుతున్నాం. 1956 నాటి రాష్ట్రాల విభజనను తప్పుపడతాం, బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 చట్టాన్ని తప్పుపడతాం. ఆ దెబ్బలు నిజమే. కానీ అంతకు ఎన్నో తరాల ముందునుంచీ కొంగునాటి అవినాశి పల్లెల్లో మనం చేస్తూ వచ్చిన తప్పును ఏ సభలోనూ ఒప్పుకోలేదు.

విజయనగర రాజుల కాలంలో, ఆ తర్వాత మదురై నాయకుల ఏలుబడిలో మన పూర్వీకులు ఈ కొంగునాటికి వచ్చి స్థిరపడ్డారు. కమ్మవాళ్లం, బలిజలం ఊళ్లో ఉన్నాం. ఊరి చివర దళితులైన అరుంధతీయులున్నారు. వాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేదీ తెలుగే. చుట్టూ తమిళం ఉన్నచోట రెండు వీధులకు ఒకే ఇంటిభాష ఉంటే మధ్యన ఎంత మాట నడవాలి! నడవలేదు. పొలంలో మనం పని పురమాయించాం, వాళ్లు సరేనన్నారు. మన పిల్లవాడు వాళ్ల ముసలాయనను ‘ఏరా’ అన్నాడు, ఆయన వాణ్ణి ‘సామీ’ అన్నాడు. టీకొట్లో వాళ్లకు వేరే గ్లాసు పెడితే మనం పక్కనే కూర్చుని నోరు మెదపలేదు. ఇక్కడ మాట ఆగింది భాష తెలియక కాదు. వాళ్లు చెప్పేది వినాల్సిన పని మనకు లేదనుకున్నాం.

మాటను మనిషి అంతస్తుతో తూచే ఆ అలవాటు చివరికి మన ఇళ్లలోకే వచ్చింది. కోయంబత్తూరులో చదువులకు, తిరుప్పూరులో కొలువులకు వెళ్లిన పిల్లలకు నాయనమ్మ తెలుగు నామోషీ అయింది. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లు మన యాసకు నవ్వితే ఎంతో నొచ్చుకున్నాం. ఊరి చివరి తెలుగును చిన్నచూపు చూసినప్పుడు ఆ నొప్పి ఎలా ఉంటుందో ఆలోచించలేదు.

2011 జనాభా లెక్కల్లో తమిళనాడు తెలుగువాళ్లు సుమారు 42 లక్షలు. ఆ అంకెను వేదికల మీద గొప్పగా చెబుతాం. అందులో అరుంధతీయులూ ఉన్నారు. లెక్కలో కలుపుకున్నవాళ్లను వేదిక మీదికి పిలవలేదు. 2009లో వాళ్లకు షెడ్యూల్డ్ కులాల కోటాలో 3 శాతం లోపలి రిజర్వేషన్ వచ్చినప్పుడు మనలో ఎందరం వెళ్లి సంతోషం పంచుకున్నాం?

తెలుగు నిలవాలంటే బడి కావాలి, పుస్తకం కావాలి. వాటికంటే ముందు మనం క్షమాపణ చెప్పాలి. వచ్చే సభకు ముందు ఊరి చివరికి వెళ్దాం. ‘మీరు’ అని పిలుద్దాం, వాళ్లతో సమానంగా కూర్చుని వాళ్లు చెప్పింది విందాం. మీతో మాటల్లేవని వాళ్లంటే, అలా అనే హక్కు వాళ్లకుందని ఒప్పుకుందాం.